రెండొందల వాక్యాలు వద్దమ్మా, ఈ కాసిని చాలు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు తోక్యోలో నిషికసయి అనే చోట ఉంటున్నారు. మార్చి ఆఖర్లో నేనూ మావారూ మొదటిసారి వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. మూడు నాలుగు వారాలు ఉంటాం. పొద్దున్నే వాళ్ళిద్దరూ ఆఫీసులకు వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రారట. అంతసేపు నాలుగు గోడల మధ్య కూర్చోవడం మావల్ల కాదు. జపనీస్ వాక్యాల పుస్తకం ఒకటి కొన్నాను. రెండు వందల వాక్యాలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఇరవై నేర్చుకునేసరికి మొదటి పదీ మర్చిపోతున్నాను. మావారేమో "ఫోన్ ఉందిగా" అంటారు. నేను గుడ్డు కూడా తినను, ఆయనకి షుగరు. నిజంగా పనికొచ్చే మాటలు చెప్తారా? అడగడం వచ్చినా, వాళ్ళు చెప్పే జవాబు మాకు అర్థం కాకపోతే ఎలా? నా టెన్షన్ అంతా అదే.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, నమస్కారం. మీరు చివర్లో అడిగిందే అసలు ప్రశ్న. "స్టేషన్ ఎక్కడ?" అని చక్కగా అడగడం పుస్తకాలు నేర్పిస్తాయి. అవతలి మనిషి గుక్క తిప్పుకోకుండా దారంతా చెప్పేస్తే మనమేం చెయ్యాలో నేర్పవు. నేను యొకొహమలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. మొదటి మూడు నెలలూ సరిగ్గా ఈ ఇబ్బందే పడ్డాను. అందుకే మాటల కన్నా ముందు, వాటిని ఎలా పలకాలో, ఎలా అడిగితే జవాబు మనకి అర్థమయ్యేలా వస్తుందో చెప్తాను.

ముందు ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని, కావలసిన మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకోండి. మీకు గుర్తుండకపోవడానికి సగం కారణం ఆ ఇంగ్లీషు అక్షరాలే. వాటిలో హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. జపనీస్‌లో ఆ తేడాతో అర్థమే మారిపోతుంది. ఒబసన్ అంటే పిన్ని, అత్త. ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. కితె అంటే "వచ్చి". తకి ఒత్తు పెట్టి కిత్తె అంటే పోస్టు స్టాంపు. వేరే దేశాల వాళ్ళు ఈ దీర్ఘాలూ ఒత్తులూ పట్టుబడక చాలా అవస్థ పడతారు. మనకి అవి ఒకటో తరగతిలోనే వచ్చేశాయి.

ఇంకో మేలు ఉంది. జపనీస్‌లో ట, డ లేవు. నాలుక పళ్ళకు తగిలే మన త, దలే ఉన్నాయి. ఆ ఊరు టోక్యో కాదు, రెండు దీర్ఘాలతో తోక్యో. క్యోతొ అన్నప్పుడు మొదటిది దీర్ఘం, చివరిది పొట్టి. ఇంగ్లీషువాళ్ళకు కొరుకుడు పడని "త్సు" అనే శబ్దం మనం చుక్క, చూపు అనేటప్పుడు పలికే చకారమే. లకారం లేదు కాబట్టి హోటల్ హొతెరు అవుతుంది. ఇంగ్లీషు మాటకి చివర అచ్చు తగిలించే అలవాటు వాళ్ళకీ ఉంది. మన బస్సు వాళ్ళకి బసు, మన బెంచీ వాళ్ళకి బెంచి, బీరు అయితే అచ్చంగా బీరే. నేను కింద రాసిన మాటల్ని తెలుగులో ఎలా ఉంటే అలాగే చదవండి, పొట్టి అచ్చుని పొట్టిగానే పలకండి, చాలు.

వాక్యాల చివర వచ్చే దెస్, మస్ చూసి బెదరకండి. అవి మన "అండీ" లాంటివి. తబెరు అంటే తింటాను, తబెమస్ అంటే తింటానండి. మీరు "అండీ" రూపమే నేర్చుకోండి, చిన్నాపెద్దా అందరితోనూ చెల్లుతుంది. "క" చివర్లో వస్తే ప్రశ్న, మన "వస్తుందా"లో దీర్ఘంలాగా. "నె" వస్తే "కదా". అనత అంటే "మీరు" అని మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. దాన్ని కొట్టేయండి. ఎదుటి మనిషిని అలా పిలిస్తే వాళ్ళకి అంత బాగుండదు. పేరు తెలిస్తే పేరు పక్కన "సన్" చేర్చండి, తెలియకపోతే ఏమీ అనకండి.

ఇక మాటలు. ఒక్కటే మాట నేర్చుకునే ఓపిక ఉంటే అది సుమిమసెన్. దారిలో ఎవరినైనా ఆపాలంటే సుమిమసెన్. హోటల్లో వెయిటర్ని పిలవాలంటే సుమిమసెన్. రైల్లోంచి దిగడానికి దారి కావాలన్నా, కాలు తొక్కినా అదే. మీరు పడేసుకున్న గొడుగు ఎవరైనా పరిగెత్తుకొచ్చి ఇస్తే కృతజ్ఞత చెప్పడానికి కూడా అదే. సుము అంటే తీరడం, ముగియడం. సుమిమసెన్ అంటే తీరలేదు అని. మనం "మీ రుణం తీరనిది" అనడం లేదూ, అలాంటి భావమే. గట్టిగా అరవక్కర్లేదు, తల కొంచెం వంచి అనండి, ఎంత పనిలో ఉన్నా ఆగుతారు. మామూలు థ్యాంక్స్‌కి అరిగతో గొజయిమస్. ఏదైనా కావాలంటే వస్తువు పేరు చెప్పి "ఒ కుదసయి" చేర్చండి. మిజు ఒ కుదసయి, నీళ్ళు ఇవ్వండి. పేరు తెలియకపోతే చేత్తో చూపించి కొరె ఒ కుదసయి, ఇది ఇవ్వండి. చాలా హోటళ్ళ మెనూలో బొమ్మలుంటాయి, కొన్నిచోట్ల గుమ్మం పక్క అద్దాల్లో ప్లాస్టిక్‌తో చేసిన నమూనాలుంటాయి. కాబట్టి కొరె ఒక్కటే మీకు చాలా దూరం పనికొస్తుంది.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. "ఎక్కడ?" "ఎలా?" అని అడిగితే జవాబు పొడుగ్గా వస్తుంది. "ఇదేనా?" "ఇక్కడేనా?" అని అడిగితే అవును, కాదు అని వస్తుంది. కాబట్టి ప్రశ్నని రెండో రకంగా మార్చుకోవడం అలవాటు చేసుకోండి.

మీ అబ్బాయి వాళ్ళ స్టేషన్నే తీసుకుందాం. నిషికసయి తోజయి లైన్ మీద ఉంది. ఆ లైన్లో అన్ని స్టేషన్లలో ఆగే రైళ్ళూ ఉంటాయి, కయిసొకు అనే స్పీడు రైళ్ళూ ఉంటాయి. కయిసొకు తోయోచో దాటితే ఇక ఉరయసులోనే ఆగుతుంది, మధ్యలో నిషికసయిలో ఆగదు. ఓ స్నేహితుడింటికి భోజనానికి వెళ్తూ నేను ఆ రైలే ఎక్కాను. నిషికసయి బోర్డు కళ్ళ ముందు నుంచి సర్రున వెళ్ళిపోతుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఉరయసులో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద మామూలు రైలెక్కి వెనక్కి రావాల్సి వచ్చింది. ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీదున్న ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: సుమిమసెన్, నిషికసయి ని తొమరిమస్ క? విడదీసి చూడండి. నిషికసయి, ని అంటే లో, తొమరిమస్ అంటే ఆగుతుందండి, క అంటే ప్రశ్న. నిషికసయిలో ఆగుతుందాండి? మన మాటల వరసే, ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. అందుకే దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, తెలుగులో అనుకుంటూ మాటలు మారిస్తే చాలు.

జవాబుగా హయి అంటే అవును. తొమరిమసెన్ అన్నా, చిగయిమస్ అన్నా కాదు అని. మొహం ముందు అరచెయ్యి ఊపినా, రెండు చేతులూ అడ్డంగా పెట్టి గుణకారం గుర్తులా చూపించినా కాదనే. చిరునామా వెతికేటప్పుడు ఫోన్లో దాన్ని చూపించి, ఎదురుగా ఉన్న భవనం వైపు చెయ్యి చాపి కొకొ దెస్ క? ఇక్కడేనాండి? అనండి. తప్పయితే సరైన వైపు చెయ్యి చూపిస్తారు. మిగి కుడి, హిదరి ఎడమ, మస్సుగు తిన్నగా. ఈ మూడూ చెవికి అలవాటైతే చాలు. ఎంతకీ అర్థం కాకపోతే వకరిమసెన్, తెలియలేదండి అనేయండి. నామోషీ ఏమీ లేదు. చాలామంది మిమ్మల్ని అక్కడిదాకా నడిపించి మరీ వెళ్తారు.

రెండు మెలికలున్నాయి. వాళ్ళు మాటమాటకీ హయి, హయి అంటుంటే ఒప్పుకున్నట్టు కాదు, మనం ఊఁ కొట్టడం లాంటిది. ఇంకోటి, మొహం మీద కాదని చెప్పడం వాళ్ళకి ఇష్టం ఉండదు. చొత్తొ… అని సాగదీసి ఆగిపోతారు. చొత్తొ అంటే కొంచెం. మన దగ్గర "కొంచెం ఇబ్బందండీ…" అంటే ఆ పని కాదని మనకి తెలుసుగా, అదీ అంతే. రెండోసారి అడగకండి.

తిండి దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి, మీరు గుడ్డు కూడా తిననన్నారు కాబట్టి. బెజితరియన్ అని చెప్తే సరిపోతుందని అనుకోవద్దు. నేను కొత్తల్లో ఒక చిన్న హోటల్లో నికు నషి, అంటే మాంసం లేకుండా అని అడిగాను. ఆయన బుద్ధిగా తలూపి వేడి వేడి ఉదొన్, అంటే పులుసులో వేసిన లావుపాటి నూడుల్స్, తెచ్చి పెట్టాడు. పైన చిత్రికపట్టిన చెక్కపొట్టులా లేత గోధుమరంగు రేకులు. ఆవిరి తగిలి అవి మెల్లగా వంకర్లు తిరుగుతున్నాయి, ప్రాణమున్నట్టు. కత్సుఒబుషి అంటారు, ఎండబెట్టి పొగబట్టిన చేపని పల్చగా చెక్కిన పొరలు. రేకులు తీసేసినా లాభం లేదు, కింద ఉన్న పులుసు కూడా ఆ చేప మరిగించిన నీళ్ళే. దాన్ని దషి అంటారు. ఆయన తప్పేమీ లేదు, నేను అడిగినట్టే మాంసం లేకుండా ఇచ్చాడు. మిసొ సూపులో, నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరల్లో, చూడ్డానికి పూర్తి శాకాహారంలా ఉన్నవాటిలో కూడా ఈ దషి ఉంటుంది.

అందుకని మీ వాక్యం పూర్తిగా ఉండాలి: నికు మొ సకన మొ తమగొ మొ తబెమసెన్. దషి మొ దమె దెస్. మాంసం కూడా, చేప కూడా, గుడ్డు కూడా తిననండి. దషి కూడా పనికిరాదండి. "మొ" అంటే మన "కూడా"నే. అప్పుడు వాళ్ళు "తబెమసెన్ క?" తినరా అని రెట్టించి అడగొచ్చు. మనం తెలుగులో "అవును, తినను" అన్నట్టే హయి, తబెమసెన్ అనాలి. ఇంగ్లీషు అలవాటుతో "నో" అనేస్తే తారుమారు అవుతుంది. ఏదైనా చూపించి, సకన వ హయిత్తె ఇమస్ క? ఇందులో చేప ఉందాండి? అని అడగడం కూడా నేర్చుకోండి. వీటన్నిటికీ తోడు, మీ అబ్బాయి చేత ఇదే సంగతి ఒక అట్టముక్క మీద జపనీస్ లిపిలో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. వంటవాడికి అది చూపిస్తే లోపల ఏమేం పడుతున్నాయో చూసి చెప్తాడు. లేదంటే "అలాంటిది మా దగ్గర చొత్తొ…" అంటాడు, అప్పుడు లేచి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బౌద్ధ ఆశ్రమాల భోజనం షోజిన్ ర్యోరి అని ఉంది, క్యోతొలోనూ కోయ కొండ మీదా పేరున్నది. అందులో మాంసం, చేప వాడరు. పులుసుకి కూడా సముద్రపు నాచు, పుట్టగొడుగులు వాడతారు. మీ అబ్బాయి ఆ వైపు తీసుకెళ్తానంటే తప్పకుండా వెళ్ళండి. నిషికసయిలో మన దేశం వాళ్ళు చాలామందే ఉంటారు, పప్పులకీ పిండికీ ఇబ్బంది పడరు.

హోటల్ గుమ్మంలో ఎంతమంది అని అడుగుతారు. వేళ్ళు చూపించినా చాలు గానీ ఫుతరి దెస్ అంటే ఎంత సంతోషిస్తారో. ఒకటి, రెండు అని వస్తువుల్ని లెక్కపెట్టడం వేరు, ఒకరు, ఇద్దరు అని మనుషుల్ని లెక్కపెట్టడం వేరు కదా మనకి. వాళ్ళకీ అంతే. హితొత్సు, ఫుతత్సు అంటే ఒకటి, రెండు. హితొరి అంటే ఒకరు, ఫుతరి అంటే ఇద్దరు, సన్నిన్ ముగ్గురు, యొనిన్ నలుగురు. తినేముందు ఇతదకిమస్, తిన్నాక బయటికొస్తూ గొచిసోసమ దెషిత అనండి. బిల్లు కావాలంటే ఒకయికే ఒనెగయి షిమస్. టిప్పు ఇవ్వకండి, అక్కడ ఆ పద్ధతి లేదు. వెయ్యి సెన్, పదివేలు ఇచిమన్. మన లక్షని వాళ్ళు జూమన్ అంటారు, అంటే పది పదివేలు. కానీ రేట్లు అన్నిచోట్లా అంకెల్లోనే రాసి ఉంటాయి కాబట్టి దీని గురించి ఎక్కువ కష్టపడకండి.

మీరు రోజూ వెళ్ళేది కొంబిని, అంటే ఇరవై నాలుగ్గంటల కొట్టు. లోపలికి అడుగు పెట్టగానే ఇరష్షయిమసె అని కేక వినిపిస్తుంది. రండి రండి అని అర్థం, జవాబు చెప్పక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి గబగబా మూడు నాలుగు ప్రశ్నలు వేస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు మొదటి రోజు అక్కడే బిక్కచచ్చిపోయింది. నిజానికి ఆ ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఫుకురొ అని వినిపిస్తే సంచి కావాలా అని (2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచికి విడిగా డబ్బులు). అతతమెమస్ క అంటే వేడి చెయ్యమంటారా అని. ఒహషి అంటే తినే పుల్లలు, చాప్‌స్టిక్స్. పొయింతొ కాదొ అంటే పాయింట్ల కార్డు ఉందా అని. కావాలంటే హయి, ఒనెగయి షిమస్. వద్దంటే దయిజోబు దెస్, అంటే ఫర్వాలేదండి. డబ్బులు చేతికివ్వకుండా అక్కడున్న చిన్న పళ్ళెంలో పెట్టండి. మూడో రోజుకల్లా అమ్మ నాకన్నా ముందే దయిజోబు దెస్ అనేస్తుండేది.

మీవారికి షుగరు అన్నారు. తోన్యోబ్యో దెస్, షుగర్ వ్యాధి ఉందండి. ఈ మాట ఆయన కూడా నేర్చుకోవాలి. కళ్ళు తిరిగినట్టుంటే అమయి మొనొ ఒ కుదసయి, తియ్యటిదేదైనా ఇవ్వండి. జ్యూసులు అమ్మే మిషన్లు వీధి వీధికీ ఉంటాయి, జేబులో ఎప్పుడూ చిల్లర నాణేలు ఉంచమనండి. పరిస్థితి బాగా లేకపోతే పక్కనున్నవాళ్ళతో క్యూక్యూష ఒ యొందె కుదసయి, అంబులెన్స్ పిలవండి అనాలి. అంబులెన్సుకి 119, పోలీసులకి 110. ఏదైనా పోగొట్టుకుంటే కోబన్ అనే చిన్న పోలీసు చౌకీలుంటాయి, మొహమాటపడకుండా లోపలికి వెళ్ళండి. ఇంకో మాట, డాక్టరు రాసిన మందులు మామూలుగా నెల రోజులకు సరిపడా మాత్రమే తీసుకెళ్ళనిస్తారు. అంతకు మించితే ముందే అనుమతి తీసుకోవాలి, లెక్క చూసుకుని సర్దండి.

ఫోన్ ఉందిగా అన్న మీవారి మాటలోనూ నిజముంది. సామాన్ల డబ్బా మీద ఏం రాసి ఉందో చదవడానికి కెమెరా అనువాదం చాలా మంచిది. కానీ ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఫోన్ చాపడానికి ముందు సుమిమసెన్ అనేది నోటితోనే అనాలి. స్టేషన్లో రెండు గుర్తులు మాత్రం కంటితోనే పట్టుకోండి. బయటికి దారి, అంటే దెగుచి అని రాసినచోట మొదటి అక్షరం కొండ మీద కొండ పెట్టినట్టుంటుంది, రెండోది ఉత్త చదరపు పెట్టె. ఆ పెట్టెకి అర్థం నోరు. పెద్ద స్టేషన్లలో ఒక్కో దెగుచికి ఒక్కో నంబరో పేరో ఉంటుంది, మీ అబ్బాయిని నంబరు అడిగి రాసుకోండి. తప్పు వైపు బయటపడితే చాలా దూరం నడవాల్సి వస్తుంది.

మిగిలింది ఒక్క మాట, పనికొచ్చేవాటిలోకి రాదు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టం. మీరు వెళ్ళేది సకుర పూసే రోజుల్లో. మా అమ్మ ఒక మధ్యాహ్నం పార్కులో బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కన ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. అమ్మ చెట్టు వైపు చూపించి కిరే దెస్ నె, అందంగా ఉంది కదండీ అంది, నేను నేర్పించింది అదొక్కటే. ఆవిడ మొహం వెలిగిపోయింది. కిరే దెస్ నె అని తనూ అని, ఇక మొదలుపెట్టింది. ఏం చెప్పిందో అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో ఇందొ? అని వినపడితే మాత్రం హయి, ఇందొ కర కిమషిత, ఇండియా నుంచి వచ్చామండి అంది. నేను టీ కొనుక్కొచ్చేసరికి ఇద్దరూ ఒకరి చీర కొంగు, ఒకరి అల్లిన సంచి పట్టుకుని చూసుకుంటున్నారు.

నిషికసయి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో గ్యోసెన్ పార్కు ఉంది. లోపల చిన్న జూ ఉంది, టికెట్టు లేదు. పక్కనే చెరువుతో ఒక జపనీస్ తోట. మీరు దిగిన మర్నాడే వెళ్ళండి, పూలు వారం పది రోజుల కన్నా నిలవవు.